మాపుల్ దుంగ మీద జిగురు బూజు



కెనడాలో తెలుగువాళ్ళ ఇంటికి బంధువులు వస్తే ముందు నయాగరా చూపిస్తాం. అక్టోబరు నెలైతే ఎర్రబడ్డ మాపుల్ చెట్ల కోసం అల్గాంక్విన్ పార్కు దాకా కారు నడుపుతాం. వేసవిలో, అదీ మంచి వాన కురిసి రెండు రోజులైన తర్వాత ఎవరైనా వస్తే, నేను వాళ్ళని టొరంటో తూర్పు అంచున ఉన్న రూజ్ లోయకి తీసుకెళ్తాను. నేలకూలి, బెరడు ఊడి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయేంత మెత్తబడ్డ మాపుల్ దుంగలు అక్కడ చాలా ఉంటాయి. వాటి పక్కన కూర్చోబెట్టి భూతద్దం చేతికిస్తాను. ఆ దుంగల మీద దొరికే ప్రాణి గురించి, దాన్ని దగ్గరగా ఫొటో తీయడం గురించి ఈ ప్రసంగం. రేడియోలో బొమ్మలు చూపించే వీలు లేదు కాబట్టి మాటలతోనే చూపించాలి.

దీన్ని ఇంగ్లీషులో స్లైమ్ మోల్డ్ అంటారు. మన ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రం పుస్తకాల్లో జిగురు బూజు అని చదువుకున్నాం. చదువుకున్నాం అంటే, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి నాలుగు వాక్యాలు బట్టీపట్టాం. ప్రాణంతో ఉన్న జిగురు బూజుని మాకెవరూ చూపించలేదు. చూపించడం కష్టమేమీ కాదు. తొలకరి పడ్డాక మన ఊళ్ళలో గడ్డి మీద, ఎండుటాకుల కుప్పల మీద, పాత తాటి మొద్దుల మీద కూడా ఇది ఉంటుంది. ప్రపంచంలో ఇప్పటికి దాదాపు వెయ్యి జాతులు గుర్తించారు, ధ్రువాల దగ్గరి టండ్రా నుంచి ఎడారి దాకా.

పేరులో బూజు ఉన్నా ఇది బూజు కాదు, పుట్టగొడుగుకి చుట్టం కూడా కాదు. 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ వీటి సిద్ధబీజాలు, అంటే స్పోర్లు, మొలకెత్తుతుంటే సూక్ష్మదర్శినిలో చూశాడు. శిలీంధ్రమైతే లోపలినుంచి పోగు రావాలి. వచ్చింది పాకే అమీబా. ఇవాళ్టి వర్గీకరణ కూడా దీన్ని అమీబాల వంశంలోనే ఉంచుతుంది.

ఆ అమీబా బతుకు కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. సిద్ధబీజం గాలికి ఎగిరొచ్చి తడిగా ఉన్న కర్ర మీద పడుతుంది. పగులుతుంది. అందులోంచి వచ్చిన అమీబా చుట్టుపక్కల బాక్టీరియాని తింటూ తిరుగుతుంది. నీళ్ళు ఎక్కువైతే దానికి తోకలాంటి కశాభం మొలుస్తుంది, ఈదుతుంది. నీళ్ళు తగ్గితే కశాభాన్ని లోపలికి లాక్కుని మళ్ళీ పాకుతుంది. జత కుదిరిన రెండు కణాలు ఎదురుపడితే ఒకటిగా కలిసిపోతాయి. ఆ కలిసిన కణం పెరగడం మొదలుపెడుతుంది. లోపలి కేంద్రకం రెండవుతుంది, నాలుగవుతుంది, వేలవుతుంది, లక్షలవుతుంది. కణం మాత్రం విడిపోదు. అరచేయంత వెడల్పున పరుచుకున్నా అది ఒక్కటే కణం, మధ్యలో గోడలు ఉండవు. ఈ దశకి ప్లాస్మోడియం అని పేరు. ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచే ఫైసారం పాలీసెఫాలమ్ అనే జాతిలో ఆ లక్షల కేంద్రకాలన్నీ ఒకేసారి, ఒకే వేళకి విభజన చెందుతాయి.

బతికున్న ప్లాస్మోడియం మీద పది రెట్లు పెద్దది చేసే భూతద్దం పెట్టి కదలకుండా చూస్తే, పసుపుపచ్చని నాళాల లోపల ద్రవం పరుగెత్తడం కనిపిస్తుంది. సన్నటి రేణువులు ఒక వైపుకి కొట్టుకుపోతుంటాయి. ఒక నిమిషం గడిచాక వేగం తగ్గుతుంది, ఆగుతుంది, అదే నాళంలో వెనక్కి మళ్ళుతుంది. మళ్ళీ ముందుకి. ఈ ప్రవాహం సెకనుకి ఒక మిల్లీమీటరు వేగాన్ని కూడా అందుకుంటుంది, ఒక్క కణం లోపల అది చాలా వేగం. ముందుకి పోయింది వెనక్కి వచ్చినదానికంటే కాస్త ఎక్కువైన వైపుకి ఒళ్ళంతా జరుగుతుంది. అలా గంటకి ఒక సెంటీమీటరు, కొన్నిసార్లు రెండు మూడు సెంటీమీటర్లు నడుస్తుంది. దారిలో దొరికిన బాక్టీరియా, ఈస్టు, పుట్టగొడుగు ముక్కలు అన్నింటినీ చుట్టి మింగేస్తుంది. నేను చూసిన వాటిలో ఇంత మనసు పట్టేసిన దృశ్యం ఇంకొకటి లేదు. భూతద్దం వెల మూడు కాఫీల కంటే ఎక్కువ కాదు.

దీనికి మెదడు లేదు, నరాలు లేవు. అయినా దారులు వేస్తుంది. 2000లో జపాన్ శాస్త్రవేత్త తొషియుకి నకగాకి, ఆయన సహచరులు ఒక చిక్కుదారి నిండా దీన్ని పరిచి, రెండు చివర్లా ఓట్స్ పెట్టారు. అది పనికిరాని సందుల్లోంచి తప్పుకుని, రెండు చివరలనీ కలిపే దగ్గరి దారిలో ఒక్క నాళంగా మిగిలింది. 2010లో టోక్యో చుట్టుపక్కల ఉన్న 36 పట్టణాల స్థానాల్లో ఓట్స్ పెడితే, ఒక్క రోజు దాటేసరికి అక్కడి రైలు మార్గాలకి దీటైన వల అల్లింది. ఆ మరుసటి ఏడు, 2011లో, బ్రిస్టల్‌లో పనిచేసే ఆండ్రూ ఆడమాట్స్కీ, మన ఒంటారియోలోనే కింగ్‌స్టన్ ఊళ్ళో ఉన్న క్వీన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సెలీం అక్ల్ కలిసి ఈ పనిని కెనడా పటం మీద చేశారు. పెద్ద నగరాలున్న చోట్ల ఓట్స్ పలుకులు పెట్టి, టొరంటో ఉండాల్సిన చోట జిగురు బూజుని వదిలారు. అది అక్కడినుంచి బయల్దేరి నగరాలన్నింటినీ నాళాలతో కలిపింది. 7,000 కిలోమీటర్లకి పైగా సాగే ట్రాన్స్ కెనడా హైవేతో, మిగతా జాతీయ రహదారులతో ఆ నాళాలని పోల్చి, ఎక్కడ కలిశాయో ఎక్కడ విడిపోయాయో లెక్కగట్టారు. పటం మీద ఒకచోట కాలుష్యం జరిగిందనుకుని ఉప్పు పెడితే ఆ వల ఎలా మారుతుందో కూడా చూశారు.

పత్రికలవాళ్ళు ఇలాంటి వార్త రాగానే బూజుకి తెలివి ఉందని రాస్తారు. ఆ మాట నాకు నచ్చదు. తెలివి అనేస్తే, అది ఆ పని ఎలా చేస్తోందో చూడాల్సిన అవసరం తీరిపోయినట్టు అనిపిస్తుంది. జరిగేది ఇది: ద్రవం ఎక్కువగా పారిన నాళం లావెక్కుతుంది, తక్కువగా పారినది సన్నబడి మాయమవుతుంది. అన్ని చోట్లా ఒకేసారి ఈ లెక్క జరుగుతూ ఉంటే చివరికి మిగిలేవి మంచి దారులే. అది నడిచిన చోట జిగురు జాడ కూడా వదులుతుంది, ఆ జాడ తగిలితే అటు మళ్ళీ వెళ్ళకుండా తప్పుకుంటుంది. ఇంత చిన్న నియమాలతో ఇంత పని జరగడం తెలివి అనే మాటకంటే పెద్ద విశేషమని నా అభిప్రాయం.

ఇక ఎక్కడ వెతకాలి? దక్షిణ ఒంటారియోలో జూన్ నుంచి అక్టోబరు దాకా దీని కాలం. వాన పడ్డ రోజున వెళ్తే పెద్దగా దొరకవు. రెండో రోజు, మూడో రోజు మేలు, వారం దాటితే ఎండిపోతాయి. కొత్తగా కూలిన చెట్టు దండగ. పూర్తిగా మట్టైపోయినదీ దండగే. బెరడు సగం ఊడి, కర్ర తడి పట్టి, నాచు అక్కడక్కడా మొదలైన దుంగ మంచిది. పైభాగం చూసి వెళ్ళిపోకండి. పక్కలు చూడాలి, నేలకి దుంగకి మధ్య ఉన్న చీకటి సందు చూడాలి. మాపుల్, బీచ్, బర్చ్ దుంగల మీద ఒక రకం జాతులు, హెమ్లాక్, పైన్, స్ప్రూస్ కర్రల మీద మరో రకం జాతులు ఉంటాయి. వాంకూవర్ వైపు ఉన్నవాళ్ళకి శరత్కాలపు వానలు మంచి కాలం. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పక్కనే పసిఫిక్ స్పిరిట్ పార్కు ఉంది. కాల్గరీ, ఎడ్మంటన్ వాళ్ళకి రాకీ పర్వతాల్లో ఇంకో అదృష్టం ఉంది. వసంతం చివర్లో మంచు కరుగుతుంటే, ఆ మంచు అంచున, నిన్నటిదాకా మంచు కింద పడుకున్న గడ్డి మీద, కొమ్మల మీద కొన్ని జాతులు అప్పుడే వస్తాయి, మిగతా ఏడాదంతా కనిపించవు. వాటిలో లాంప్రోడెర్మా జాతులు నీలం, ఊదా, రాగి రంగుల్లో మెరుస్తాయి. అవి రంగు పదార్థం వల్ల వచ్చే రంగులు కావు. పలచటి పారదర్శకమైన పొర మీద వెలుగు రెండు తలాల నుంచి వెనక్కి వచ్చి కలిసినప్పుడు పుట్టే రంగులు.

అడవికి వెళ్ళలేనివాళ్ళు ఇంటి ముందు చూసుకోవచ్చు. ఇక్కడ ఇళ్ళ ముందూ అపార్టుమెంట్ల ముందూ పూలమొక్కల మొదట్లో చెక్క పొట్టు పరుస్తారు కదా, జూలైలో వాన పడితే దాని మీద ఫ్యులిగో సెప్టికా తేలుతుంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా మేనత్త ఒక పొద్దున నడకకి వెళ్ళొచ్చి, "ఎవర్రా అక్కడ ముద్దపప్పు పారబోశారు?" అని అడిగింది. వెళ్ళి చూస్తే అచ్చం అలాగే ఉంది, రంగూ చిక్కదనమూ తేడా లేకుండా. "అత్తయ్యా, అది ప్రాణమున్నది, రాత్రి నడిచి వచ్చింది" అన్నాను. ఆవిడ వంగి చాలాసేపు చూసింది. "మొక్కలకి చెరుపు చేస్తుందా?" అంది. చేయదు. మొక్కని తినదు, వేరుని ముట్టదు. మర్నాటికి పైన లేత రంగు పెంకు కట్టింది, పుల్లతో తాకితే లోపల నల్లటి పొడి. ఆ పొడే సిద్ధబీజాలు. ఉబ్బసం ఉన్నవాళ్ళు దాన్ని దగ్గరగా పీల్చకుండా ఉంటే మంచిది. పడనివాళ్ళు ఉంటారు.

ఫ్యులిగో పెద్దది, అందుకే అందరికీ కనిపిస్తుంది. మిగతావి చిన్నవి. తిండి తగ్గినప్పుడో, వెలుతురు తగిలినప్పుడో ప్లాస్మోడియం చీకటి సందులోంచి పైకి వచ్చి, ఒళ్ళంతటినీ వందల కొద్దీ చిన్న చిన్న ఫలనాంగాలుగా మార్చేసుకుంటుంది. కాడ, కాడ మీద బుడిపె, బుడిపెలో సిద్ధబీజాలు. చాలావాటికి ఒక మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తు. ఫొటో తీసేవాళ్ళకి అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

మొదటిసారి తీయాలనుకునేవాళ్ళకి లైకోగాలా ఎపిడెండ్రమ్ అనేదాన్ని చెబుతాను. తడి దుంగ మీద గులాబీ రంగు గుండ్రటి బుడిపెలు, ఒక్కొక్కటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా. లేతగా ఉన్నప్పుడు గిల్లితే లోపల చిక్కటి గులాబీ ముద్ద, నాలుగైదు రోజులకి బూడిద రంగు, లోపల పొడి. సెల్‌ఫోనుకి తగిలించుకునే చిన్న మాక్రో లెన్సు ఉంటే చాలు, దీని ఫొటో బాగా వస్తుంది. పైనుంచి తీయకండి. ఫోనుని దుంగ పక్కకి దించి, బుడిపెల ఎత్తుకి తెచ్చి, పక్కనుంచి తీయండి. వెనకాల ఉన్న అడవి మసకబారుతుంది, బుడిపె మీది సన్నటి పొలుసులు పైకి తేలతాయి. అడవి నేల తడిగా ఉంటుంది కాబట్టి కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టా తీసుకెళ్ళండి. ప్యాంటు అంచుని మేజోళ్ళలోకి దోపుకోండి. దక్షిణ ఒంటారియోలో, రూజ్ లోయతో సహా, లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ళ టిక్కులు ఉన్నాయి. ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోవాలి. ఇది తప్పనిసరి.

అక్కడినుంచి ముందుకి పోవాలంటే కెమెరా కావాలి. మామూలు మాక్రో లెన్సు వస్తువుని ఉన్నదున్నట్టు సెన్సారు మీద పడేస్తుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సారు మీద 36 మిల్లీమీటర్ల దుంగ ముక్క పడుతుంది. రెండు మిల్లీమీటర్ల ఫలనాంగం అందులో ఒక చుక్క. కాబట్టి మూడు రెట్లు, అయిదు రెట్లు పెద్దది చేయాలి. 1999లో కానన్ సంస్థ 65 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి తెచ్చింది, అది ఒకటి నుంచి అయిదు రెట్ల దాకా వెళ్తుంది. సూక్ష్మదర్శిని లెన్సునే కెమెరాకి బిగించుకునేవాళ్ళూ ఉన్నారు, అదే చవక. అయిదు రెట్ల దగ్గర కెమెరాకి కనిపించేది ఏడు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. అందులోనూ స్పష్టంగా ఉండే లోతు, లెన్సు పూర్తిగా తెరిచి ఉంచితే, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అంటే బుడిపె మీద ఒక సన్నటి గీత మాత్రమే స్పష్టంగా ఉండి, దాని ముందూ వెనకా అంతా మసకే. రంధ్రం చిన్నది చేస్తే లోతు పెరుగుతుందని మనకి తెలుసు. కానీ ఇంత దగ్గర్లో రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర విచ్చుకుని బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది.

దీనికి మార్గం ఫోకస్ స్టాకింగ్. బుడిపెకి అన్నిటికంటే ముందున్న అంచు దగ్గర మొదలుపెట్టి, మిల్లీమీటరులో పదో వంతో ఇరవయ్యో వంతో కెమెరాని ముందుకి జరుపుతూ, వెనక అంచు దాకా వరసగా తీసుకుంటూ పోతాం. ముప్ఫయ్యో వందో ఫొటోలవుతాయి. తర్వాత హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్క ఫొటోలో స్పష్టంగా ఉన్న భాగాన్ని ఏరి, అన్నింటినీ కలిపి ఒకే బొమ్మ చేస్తాయి. ఈ వరస నడుస్తున్నంత సేపూ ఏదీ కదలకూడదు. గాలి వీస్తే ఆగాలి. పక్కదారిలో ఎవరైనా కుక్కని పట్టుకుని పరుగెత్తితే మెత్తటి దుంగ అదురుతుంది, ఆగాలి. కూర్చున్న మనిషి బరువు మార్చుకున్నా అదురుతుంది. ఫ్లాషు సూటిగా కొడితే తడి బుడిపె మీద తెల్లటి మరకలు పడతాయి, అందుకని మధ్యలో పలచటి తెల్ల కాగితం అడ్డం పెట్టి వెలుగుని మెత్తబరచాలి.

కదలకుండా ఉండేది ఎండిన, ముదిరిన ఫలనాంగం. బతికున్న ప్లాస్మోడియాన్ని ఇలా తీయడం కుదరదు, రెండో ఫొటోకే అది జరిగి ఉంటుంది. దానికి వేరే పద్ధతి, నిమిషానికి ఒక ఫొటో చొప్పున రాత్రంతా తీసి కదిలే బొమ్మ చేయడం. మా పెరట్లో చలికాలం కోసం పేర్చిన కట్టెల కుప్ప ఉంది. అడుగు వరస కట్టె ఒకదాని మీద స్టెమోనైటిస్ పైకి రావడం చూసి, దాన్ని గ్యారేజీలోకి తెచ్చి అలా తీశాను. సాయంత్రానికి కట్టె పగులులోంచి పాల తెలుపు ముద్ద ఊరింది. చీకటి పడేసరికి ఆ ముద్ద పైభాగం గుండ్రటి మొటిమలుగా చీలింది, ఒకదాన్నొకటి ఆనుకుని డజన్ల కొద్దీ. అర్ధరాత్రికి ఒక్కో మొటిమ కింద నల్లటి కాడ కనిపించింది, వెంట్రుక కంటే పెద్ద లావు లేదు. ఆ కాడ పెరుగుతుంటే తెల్లటి ద్రవం దాన్ని చుట్టుకుంటూ పైకి ఎక్కింది. తెల్లవారుజామున మొత్తం గులాబీ రంగుకి తిరిగింది. పొద్దున పదింటికి ఇటుక రంగు. మధ్యాహ్నం దాటాక గోధుమ రంగులో ఎండి నిలబడింది, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు. ఊదితే సిద్ధబీజాలు పొగలా లేచాయి. నిన్న ఒక్క కణంగా పాకిన ఆ ఒళ్ళంతా ఇప్పుడు ఎండిన కాడలూ పొడీ.

దుంగ మీద చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. సెరాషియోమిక్సా గడ్డకట్టిన మంచులా తెల్లగా ఉంటుంది. జూన్ వానలకి అన్నిటికంటే ముందు వచ్చే వాటిలో ఇది ఒకటి, దాని సిద్ధబీజాలు సంచి లోపల కాక బయటే ఉంటాయి. మెటాట్రైకియా వెస్పేరియం ముదురు ఎరుపు. కిక్కిరిసిన దాని సంచుల పైమూతలు ఊడిపడితే లోపలి ఎర్రటి పోగుల చుట్ట పైకి ఉబుకుతుంది. మెలికలు తిరిగిన ఆ పోగులు గాలి ఎండినప్పుడు విప్పుకుని, సిద్ధబీజాలని బయటికి నెడతాయి. డిడీమియం బుడిపెల మీద సున్నపు స్ఫటికాలు నక్షత్రాకారంలో ఉంటాయి. వీటి మధ్య తిరిగే చిన్న చిన్న పురుగులు కూడా ఫొటోలో పడతాయి. అగాథిడియం అనే గుండ్రటి పెంకుపురుగులు జిగురు బూజునే తిని బతుకుతాయి. అలాంటి పురుగు ఫ్రేములోకి వస్తే తరమకండి. ఆ దుంగ మీద ఎవరు ఎవరిని తింటున్నారో చెప్పే ఫొటో అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫొటో ఎంత అందంగా వచ్చినా, దాని పక్కన నాలుగు ముక్కలు రాసి ఉంచకపోతే సగం విలువ పోయినట్టే. ఏ తేదీ, ఏ చోటు, ఏ చెట్టు కర్ర, వాన పడి ఎన్ని రోజులైంది. వీలైతే పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి ఒక ఫొటో. చాలా జాతులని ఫొటో చూసి తేల్చలేం. సిద్ధబీజం మీద ముళ్ళున్నాయా, వల గీతలున్నాయా అని సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ సిద్ధబీజం కొలత ఎక్కువ జాతుల్లో మిల్లీమీటరులో నూరో వంతుకి అటూ ఇటూ. ప్రజాతి పేరు దాకా చెప్పి ఆగిపోవడంలో తప్పేమీ లేదు. ఐనాచురలిస్ట్ కెనడాలో ఆ వివరాలతో పెట్టిన ఫొటో మరో ముప్ఫై ఏళ్ళకి ఎవరికైనా పనికొస్తుంది.

ఇలా వివరాలు రాసిపెట్టినవాళ్ళ వల్లే మనకి ఈ మాత్రం తెలుసు. 1919లో మేరీ కరీ అనే పరిశోధకురాలు ఒంటారియో జిగురు బూజుల మీద సమగ్రమైన అధ్యయనం ప్రచురించారు, రాయల్ కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ వారి సంచికల్లో. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ వేరు, ఈమె వేరు. ఇంగ్లండులో ఆర్థర్ లిస్టర్ 1894లో వీటి మీద పెద్ద గ్రంథం రాస్తే, ఆయన కూతురు గులియెల్మా లిస్టర్ దాన్ని 1911లో, మళ్ళీ 1925లో తిరగరాసి విస్తరించారు. కాలేజీ ఉద్యోగం లేకుండా, ఇంట్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, బొమ్మలు స్వయంగా గీసిన మనిషి ఆమె. లండన్ లిన్నియన్ సొసైటీ 1904లో మొదటిసారి స్త్రీలని సభ్యులుగా ఎన్నుకున్నప్పుడు వారిలో ఆమె ఒకరు. జపాన్‌లో మినకత కుమగుసు ఉండేవాడు. 1929 జూన్‌లో హిరోహితో చక్రవర్తికి వీటి గురించి ప్రసంగించి, 110 నమూనాలని కారమెల్ మిఠాయి పెట్టెల్లో పెట్టి బహూకరించాడు. చక్రవర్తి స్వయంగా జిగురు బూజుల మీద పరిశోధన చేసినవాడే.

మనవైపు కూడా ఒక పేరు చెప్పుకోవాలి. 1950ల్లో వి. అగ్నిహోత్రుడు గారు దక్షిణ భారతదేశపు జిగురు బూజుల మీద ఇండియన్ బొటానికల్ సొసైటీ పత్రికలో వరసగా వ్యాసాలు రాశారు. తర్వాతి కాలంలో అస్సాం తేయాకు తోటల తెగుళ్ళ మీద పనిచేశారు. 1977లో కె. ఎస్. థింద్ భారతదేశపు జాతుల మీద గ్రంథం తెచ్చినప్పుడు, దక్షిణాది గురించి చెప్పడానికి ఆ వ్యాసాలు కూడా ఆధారమయ్యాయి. తెలుగు పేరున్న ఆ శాస్త్రవేత్తని, నాకు తెలిసి, తెలుగు పాఠ్యపుస్తకాలు ఎక్కడా తలచుకోలేదు. నాకు అది బాధగా ఉంటుంది. సెలవులకి ఊరెళ్ళే పిల్లలు ఫోను తీసుకుని నల్లమలలోనో, అరకులోనో, తమ ఊరి చెరువుగట్టు మీదో ఒక పుచ్చిన మొద్దు దగ్గర కూర్చుంటే, కొత్తగా తెలిసేది చాలా ఉంది.

పార్కుల్లో చేయకూడనివి రెండు. రూజ్ లోయ జాతీయ పట్టణ ఉద్యానంలో భాగం. అక్కడ, ప్రాంతీయ పార్కుల్లో కూడా, దుంగ ముక్క విరిచి తీసుకురాకూడదు. చట్టం ఒప్పదు. చూడటానికి దుంగని దొర్లిస్తే అది ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టాలి. కింద తడిలో సాలమాండర్లు, పురుగులు, శిలీంధ్రపు పోగులు ఏళ్ళ తరబడి స్థిరపడి ఉంటాయి. చక్కగా ఉండాలని పెరట్లో పడిన చెట్టునంతా కోసి పారేసేవాళ్ళకి నా మనవి, నీడ ఉన్న మూల ఒక్క దుంగనైనా వదిలేయండి. మీ పెరట్లో దొరికినవాటిని మీరు దాచుకోవచ్చు. బాగా ఎండిన ఫలనాంగాన్ని ఉన్న పుల్లతో సహా అగ్గిపెట్టెలో అంటించి, మూత మీద తేదీ, చోటు రాసి పెడితే దశాబ్దాలు చెక్కుచెదరదు.

నవంబరు వచ్చేసరికి అడవిలో కాలం అయిపోతుంది, కానీ పని ఆగక్కర్లేదు. 1933లో అమెరికాలోని అయోవాలో గిల్బర్ట్, మార్టిన్ అనే ఇద్దరు బతికున్న చెట్ల బెరడుని తడిపి మూతపెట్టి ఉంచితే అందులోంచి జిగురు బూజులు వస్తాయని చూపించారు. మినకత కనిపెట్టిన ఒక ప్రజాతి, గులియెల్మా లిస్టర్ ఆయన పేరే పెట్టి మినకటెల్లా అన్నది, ఆయన పెరట్లోని చెట్టు బెరడు మీద దొరికిందే. ఈ పద్ధతి వంటింటి బల్ల మీద చేసుకోవచ్చు. మీ పెరట్లోని మాపుల్, ఎల్మ్, ఆపిల్, ఏ చెట్టు నుంచైనా దానంతట అది ఊడివచ్చే బెరడు పెచ్చులు నాలుగు తీసుకోండి. మూత ఉన్న వెడల్పాటి పళ్ళెంలో కాఫీ ఫిల్టరు కాగితం పరిచి, దాని మీద పెచ్చులు పక్కపక్కన పెట్టి, మునిగేలా డిస్టిల్డ్ నీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళు వద్దు. ఒక రోజంతా నాననిచ్చి, మిగిలిన నీళ్ళు వంపేయండి. ఎండ సూటిగా పడని చోట, ఇంటి వేడిలోనే ఉంచండి. మొదటి వారం నుంచే రోజూ భూతద్దంతో చూడాలి. కొన్ని జాతులు మూడు నాలుగు రోజులకే వచ్చి, ఒక్క రోజులో కనుమరుగవుతాయి. అవి అర మిల్లీమీటరు కూడా ఉండవు, కాబట్టి వెలుగు పక్కనుంచి పడేలా టార్చి పెట్టి వెతకండి. మరికొన్నింటికి నెల, నెలన్నర పడుతుంది. తెల్లటి మామూలు బూజు పట్టినా పళ్ళెం పారేయకండి, దాని పక్కనే ఇవి కూడా వస్తాయి. తడి ఆరిపోతుంటే చుక్కలు చుక్కలుగా నీళ్ళు వేస్తూ మార్చి దాకా నడపవచ్చు. ఏ పెచ్చు ఏ చెట్టుదో పళ్ళెం అడుగున రాయడం మాత్రం మరచిపోకండి.